మొదటి డికాషను, రెండవ డికాషను

బోరబండలో మేము కాపురముండు ఇంటిలోనికి క్రిందటి సంవత్సరము ఒక కాఫీ యంత్రము వచ్చినది. మీట నొక్కినంతనే అది తనంతట తాను గింజలను విసరి, పొడిని అదిమి, నీటిని కాచి, ఆ నీటిని పొడిలోనుండి బలవంతముగా నడిపి, గిన్నెలోనికి కాఫీ దింపి, పిప్పిని లోపలి తొట్టిలోనికి త్రోసివైచును. ఇంటిల్లిపాదియు చుట్టు చేరి ఆ వింత చూచితిమి. మొదటి గిన్నె అందుకొన్న మా ఇంటి పెద్దావిడ రెండు గ్రుక్కలు త్రాగి, "ఇది కాఫీ కాదర్రా, కాఫీ గిన్నె కడిగిన నీళ్లు" అని తీర్పు చెప్పిరి.

ఆ తీర్పు విన్న పిమ్మట మేము చేసిన యత్నములను గూర్చియు, ఆ యత్నముల నడుమ మాకు కనబడిన ఒక చరిత్రను గూర్చియు ఇచట వ్రాయబూనినాము. యంత్రమును దారికి తెచ్చుట సుళువుగానే జరిగినది. చరిత్రయే కొంత చేదుగా నున్నది.

కాఫీ మొక్క మన దేశమునకు వచ్చి చాలకాలమైనది. పదునేడవ శతాబ్దమున బాబా బుదన్ అను సూఫీ యాత్రికుడు యెమెను దేశమునుండి ఏడు గింజలు దాచి తెచ్చి చిక్కమగళూరు కొండలమీద నాటెనని ఐతిహ్యము. కాని కొండమీద మొక్క యుండుట వేఱు, ఇంటిలో పొయ్యిమీద గింజ వేగుట వేఱు. తెలుగువారి ఇండ్లలో కాఫీ స్థిరపడినది పందొమ్మిదవ శతాబ్దపు చివరను, ఇరువదవ శతాబ్దపు మొదటి దశకములలోను మాత్రమే. అంతకు ముందు ఉదయమున మనవారి కడుపులో పడునది చల్దియన్నము, తరవాణి, మజ్జిగ. 1953వ సంవత్సరము వఱకు కోస్తా జిల్లాలకును రాయలసీమకును చెన్నపట్టణమే రాజధాని గనుక, కోర్టు పనికి పోయిన ప్లీడరును, చదువునకు పోయిన విద్యార్థియు, కొలువునకు పోయిన గుమాస్తాయు అచటినుండి ఈ యలవాటును రైలులో వెంటబెట్టుకొని వచ్చిరి. చల్దిని విడిచి కాఫీ పట్టిన కోడలిని అత్తగారు నిందించిరి. ఆ పిమ్మట అత్తగారే గ్లాసు పట్టిరి. ఈ కథ ఎఱుగని తెలుగు కుటుంబము అరుదు.

హైదరాబాదు సంగతి వేఱు. నైజాము నగరమున చాయ్‌దే రాజ్యము. ఇరానీ హోటళ్లలో తేయాకును మూతపెట్టిన పాత్రలో చాలసేపు సన్నని సెగపై ఉడికించి, పాలను వేఱొక పాత్రలో మరగించి చిక్కబఱచి, రెంటిని కప్పులో కలుపుదురు. ఆ తేయాకు రసమును కూడ డికాషను అనియే పిలుచుట గమనింపదగినది. 1956 నవంబరు 1వ తేదీన ఆంధ్ర రాష్ట్రమును తెలంగాణమును ఏకమైన తరువాత కోస్తానుండి వచ్చిన ఉద్యోగుల సామానులో ఇత్తడి ఫిల్టరులు కూడ మఱి కొన్ని ఇచటికి చేరినవి. మా బోరబండకు మాత్రము ఆ ఫిల్టరులు ఆలస్యముగనే వచ్చినవనవలెను. సనత్‌నగరపు కర్మాగారములకును ఎఱ్ఱగడ్డకును చేరువనున్న ఈ పేటలో నేటికిని తెల్లవాఱుజామున బండిమీద ముందుగా కాగునది చాయ్. కాఫీ అడిగినచో చాలచోట్ల నురుగుపాలలో కరగు పొడి కలిపి యిత్తురు.

ఇక ఇత్తడి ఫిల్టరు. దీని పని నెమ్మదియైనది. పై గిన్నె అడుగున సన్నని రంధ్రములుండును. అందు పొడి వేసి, పలకతో మెల్లగా అదిమి, మరుగునీరు పోసి మూత పెట్టుదురు. భూమ్యాకర్షణము తప్ప దానికి వేఱొక బలము లేదు. రాత్రి పోసిన నీరు తెల్లవాఱునప్పటికి క్రింది గిన్నెలో చిక్కని నల్లని రసమై యుండును. అది మొదటి డికాషను. అదే పొడిమీద మఱల మరుగునీరు పోసినచో దిగునది రెండవ డికాషను. రంగు కొంత యుండును, రుచి కొంత యుండును, సత్త్వము మాత్రము అప్పటికే పోయియుండును.

ఈ రెండు రసములును ఎవరికి పోవునని అడుగువారు తక్కువ. అనేక గృహములలో మొదటిది యజమానికిని, వచ్చిన పెద్దమనుష్యునకును. రెండవది పిల్లలకును, ఇంటి స్త్రీలకును; అందునను మిగిలినది, నీళ్లపాలతో, పాత్రలు తోమ వచ్చిన మనిషికి. తెల్లవాఱకముందే లేచి గింజలు వేయించి, మరలో విసరి, నీరు కాచి, పాలు పొంగకుండ కాచుకొనియుండిన ఇల్లాలు తన గ్లాసు పట్టునప్పటికి ఫిల్టరులో మిగిలినది రెండవ నీరే. ఎవరో శాసనము చేసి ఇట్లు విధించినది కాదు. ఏ స్మృతియందును కాఫీ ప్రస్తావన లేదు! అయినను అంత ప్రాచీనము కాని యొక యలవాటు ఇంటిలోని అంతరముల నన్నిటిని ఎంత చక్కగా నేర్చుకొన్నదో చూచిన ఆశ్చర్యమగును.

వీధిలోను ఇదే వరుస. చెన్నపట్టణమునను తెలుగు పట్టణములలోను కాఫీ హోటలు పలకలమీద కులము పేరు వ్రాసికొనుట ఒకనాడు మామూలు. లోపల బల్లలు వేఱు, కొందఱికి ప్రవేశమే లేదు. 1950లో అమలులోనికి వచ్చిన రాజ్యాంగపు 15వ అధికరణము హోటళ్లలోను దుకాణములలోను అట్టి వివక్ష కూడదన్నది. 1955లో అస్పృశ్యతా నేరముల చట్టము వచ్చినది. అయినను 1957లో పెరియారు రామస్వామి నాయకరు అనుచరులు తిరువళ్లిక్కేణిలో ఒక హోటలు ముందు నిలిచి, పలకమీది కులపు మాట తుడుపుడని ఆందోళన చేయవలసి వచ్చినది. పలకమీది మాట పోయిన చోట్లను పల్లెల టీకొట్లలో రెండు గ్లాసుల పద్ధతి చాలకాలము నిలిచినది. చట్టము హోటలు గుమ్మము దాటగలిగినది గాని వంటయింటి గుమ్మము దాటలేదు.

చిక్కదనమనగా నేమో ఇపుడు విచారింతము. మన నాలుక తఱచుగా మోసపోవునది ఇచటనే. చికోరి యను దుంప వేరును వేయించి పొడిచేసి కాఫీలో కలుపుట యూరోపునుండి వచ్చిన యలవాటు. 1806లో నెపోలియను ఇంగ్లీషు సరకును యూరోపునకు రాకుండ కట్టుదిట్టము చేసినపుడు, దొరకని కాఫీకి బదులుగా అది ఫ్రాన్సులో బాగుగా వ్యాపించినది. దానియందు కెఫీను లేశమైనను లేదు. కాని నల్లని రంగును, చేదును, జిగటను ఇచ్చును. ఫిల్టరులో నీటిని నెమ్మదిగా దిగనిచ్చును. మన దేశపు ఆహార నిబంధనల ననుసరించి కాఫీ చికోరి మిశ్రమములో కాఫీ నూటికి 51 పాళ్లకు తగ్గరాదు. అనగా 49 పాళ్ల వఱకు చికోరి యుండవచ్చును. డబ్బామీద ఆ లెక్క వ్రాసియుండును, చదువువారు కొలదిమంది. చికోరి రుచి యిష్టమైనవారు త్రాగుటలో దోషము లేదు. నల్లదనమును చూచి బలమని భ్రమించుటయే దోషము. బలము కోరి రోబస్టా గింజ కలుపుకొనువారు కొంత న్యాయముగనే యున్నారు. అరబికాలో కంటె దానిలో కెఫీను సుమారు రెండింతలు.

మా యంత్రపు వంశవృక్షము ఇటలీలో మొదలగును. 1884లో టూరిను నగరమున ఆంజెలో మొరియోండో ఆవిరితో కాఫీ దింపు యంత్రమునకు హక్కుపత్రము పొందెను. 1901లో మిలాను వాడైన లుయీజీ బెజ్జెరా ఒక్కొక్క గిన్నెకు విడివిడిగా దింపు యంత్రమును కల్పించెను. వీనిలో నీటిని త్రోయునది ఆవిరియే. దాని బలము వాతావరణ పీడనమునకు ఒకటిన్నర, రెండింతలు మాత్రమే, పైగా వేడి మిక్కుటమై పొడి మాడెడిది. 1938లో ఆకిల్లె గజ్జియా వేఱొక మార్గము కనిపెట్టి హక్కు పొందెను; యుద్ధము ముగిసిన పిదప అతని మీట యంత్రము దుకాణములకు వచ్చినది. స్ప్రింగు బలముతో ముషలకము నీటిని ఎనిమిది, పది వాతావరణముల పీడనమున నెట్టగా, గిన్నెపై బంగారు వన్నె మీగడవంటి నురుగు తేలినది. 1961లో ఫయేమా వారి ఇ61 యంత్రములో మనుష్యుని చేతికి బదులుగా విద్యుత్ పంపు ఆ పని చేసినది. 1980 దశకమునుండి గింజ విసరుటయు కాఫీ దింపుటయు ఒకే పెట్టెలో నిమిడి ఇండ్లలోనికి వచ్చినవి. ఇటలీ ఎస్ప్రెసో సంస్థవారి ప్రమాణము ఇట్లున్నది: పొడి 7 గ్రాములు, నీటి వేడి 88 డిగ్రీలు, పీడనము 9 బార్లు, కాలము 25 సెకనులు, గిన్నెలో దిగవలసినది 25 మిల్లీలీటర్లు. పెట్టెమీద 15 బార్లని పెద్ద యక్షరములతో వ్రాయుట పంపు శక్తిని చెప్పుటయే గాని కాఫీకి అంత యక్కఱ యున్నదని కాదు.

ఈ ప్రమాణమును మా ఇంటి గిన్నెతో పోల్చి చూచినంతనే పెద్దావిడ తీర్పులోని న్యాయము తేటపడినది. దుకాణమునుండి వచ్చినపుడు మా యంత్రపు మీట 120 మిల్లీలీటర్లు దింపునట్లు అమర్చబడియుండెను. పొడి మాత్రము 7 గ్రాములే. పొడిలో నూటికి ఇరువది పాళ్లు కరగుట మంచి కాఫీకి గుఱుతని అమెరికాలో లాక్‌హార్టు అను రసాయన శాస్త్రజ్ఞుడు 1950 దశకమున చేసిన పరిశోధనలవలన తెలిసినది. 7 గ్రాములలో 20 పాళ్లనగా 1.4 గ్రాములు. అది 120 మిల్లీలీటర్లలో కరగినచో నూటికి ఒక పాలు కంటె కొంచెము మించును. పాలు పోసిన పిమ్మట మిగులునదేమి? అదే పొడి 10 గ్రాములు చేసి, నీరు 40 మిల్లీలీటర్లతో ఆపినచో నూటికి 5 పాళ్లు. నాలుగింతలు చిక్కన! పైగా అలసిన పొడిలోనుండి నీరు నడుచుకొలది చేదు తప్ప వేఱొండు రాదు. పలుచనయు చేదును ఏకకాలమున నుండుట కిదియే కారణము.

కావున మేము చేసిన పనులివి. నీటి కొలతను తగ్గించితిమి. పొడి మోతాదు మీటను పైమెట్టునకు త్రిప్పితిమి. మర తిరుగుచుండగా, నిలిచినపుడు కాదు, విసరుటను ఒక్క మెట్టు సన్నము చేసి రెండు మూడు గిన్నెలు దింపి చూచితిమి. చుక్కచుక్కగా దిగినచో మఱీ సన్నమైనదని వెనుకకు త్రిప్పితిమి. పెద్ద గ్లాసు కావలసినపుడు ఒకే పొడిమీద ఎక్కువ నీరు నడుపక 40 మిల్లీలీటర్ల గిన్నెలు రెండు, ప్రతిదానికి కొత్త గింజతో, దింపితిమి. గిన్నెను వేడినీటితో తొలిచి, నీరు కలపని పాలు పొగలు గ్రక్కుచుండగా పోసితిమి. చికోరి పొడిని గింజల తొట్టిలో పోయరాదు. అది తడిసి ఉబ్బి దారులు మూయును. నూనె జిడ్డు తేలిన మాడుగింజయు మరను పట్టుకొనును. మా పేటలో బోరుబావి నీరు వాడువారికి మఱియొక మాట: ఆ నీటిలోని సున్నము లోపలి గొట్టములలో పొరగా పేరుకొని వేడిని తగ్గించును, కాఫీ పలుచబడును. వడగట్టిన నీరు పోసి, యంత్రము అడిగినపుడెల్ల ఆ పొరను కరగించు మందు నడుపవలెను.

గింజలు మేము అరకువి తెప్పించితిమి. తూర్పు కనుమలలో కాఫీ నాటుట 1898లో తూర్పు గోదావరి పాములేరు లోయలో బ్రోడీ అను ఇంగ్లీషు అధికారితో ఆరంభమై, 1920 దశకమున అరకు, అనంతగిరి, చింతపల్లి వైపు వ్యాపించినది. నేడు వెండిచెట్టు నీడను, మిరియపు తీగల నడుమ ఆదివాసి కుటుంబములు ఆ పంట పండించుచున్నవి. 2019లో అరకులోయ అరబికాకు భౌగోళిక గుర్తింపు లభించినది. పారిసులో అమ్మబడు గింజ బోరబండకు మొన్న మొన్న చేరినది.

నాలుగవనాడు పెద్దావిడ, "ఇప్పుడు కాఫీ వాసన వచ్చింది" అనిరి. యంత్రమును కొన్ననాడు మాకొక సంతోషము కలిగియుండెను: ఇందు రెండవ డికాషను లేదు గదా! ప్రతి గిన్నెకును కొత్త గింజ. వాడిన పిప్పిని యంత్రమే పాఱవేయును. దానిమీద మఱల నీరు పోయవలెనన్నను వీలులేదు. ఇంటిలో చివర త్రాగువారికిని మొదటిదే దొరకును. ఇత్తడి ఫిల్టరు నేర్చిన వరుసను ఇనుపపెట్టె మఱచినదని మేమందఱము ఒప్పుకొంటిమి.

ఒక వారము గడచినది. ఉదయము పాత్రలు తోమ వచ్చు అమ్మకు కాఫీ ఇచ్చుచుండగా మాలో నొకరు పెద్ద గిన్నె మీట నొక్కుట చూచితిమి. ఆ మీటకు మేము మార్పు చేయలేదు; అది 120 మిల్లీలీటర్లు, 7 గ్రాములతోనే యున్నది. ఎందుకని అడుగగా, "ఆమెకు గ్లాసు నిండుగా ఉండాలి గదా, గింజలు ఊరకే వస్తున్నాయా" అని సమాధానము. ఎవరికిని దురుద్దేశము లేదు. గ్లాసు నిండినది, రంగును ఉన్నది. ఫిల్టరులో నుండిన రెండవ డికాషను మీటలోనికి వచ్చి కూర్చుండినది, అంతే.

ఆ సాయంత్రమే ఆ మీటను కూడ 10 గ్రాములకును 40 మిల్లీలీటర్లకును మార్చితిమి. గ్లాసు నిండవలసినచో రెండుమార్లు నొక్కవలెనని అందఱికిని చెప్పితిమి. నెలకు గింజలు కొంత అధికముగా పట్టుచున్నవి. ఆ లెక్క మేము వ్రాసి చూచుకొనలేదు. మఱునాడు ఆ అమ్మ ఒక గ్రుక్క త్రాగి, ఇంత చేదా అని నవ్వి, ఒక చెంచా పంచదార అడిగి వేసికొన్నది. ఆమె గ్లాసు మాత్రము ఇంకను మిగిలిన గ్లాసులతో కూడి అరలో లేదు, వంటయింటి కిటికీమీదనే బోర్లించి యున్నది. దానిని అరలో పెట్టుట ఎవరి పని యని మాలో ఇంకను తేలలేదు.