మధూచ్ఛిష్టము

సంస్కృతమున మైనమునకు మధూచ్ఛిష్టమని పేరు. తేనె తీయగా మిగిలిన యెంగిలి యని యర్థము. అమరకోశము దీనికే సిక్థకమని పర్యాయపదము చెప్పినది. ఎంగిలి సోకినంతనే చేతులు కడుగుకొను మన యిండ్లలో, ఆ యెంగిలినుండియే దేవతామూర్తులు పుట్టుచు వచ్చిరన్న సంగతి యెందఱు తలపోసిరి?

మైనము పూలలో నుండదు. పనియీగ కడుపు క్రిందిభాగమునందలి గ్రంథులనుండి సన్నని రేకులుగా స్రవించును. ఈగ దానిని నోట నమలి, మెత్తపఱచి, ఆరు మూలల గదులు కట్టును. కనుక సంస్కృతనామము మన పెద్దలు తలచినదానికంటెను సార్థకమే! ఇది రమారమి 62 మొదలు 64 డిగ్రీల వేడికి కరగును, నీట కలియదు, వ్రేళ్ల వెచ్చదనమునకే లొంగును. నల్లమలలోని చెంచులు తీగెలతో త్రాళ్లు పేని, కొండచఱియలకు వ్రేలాడుచు పట్టు కోయుదురు. తేనె పిండిన పట్టును వేడినీట కరగించి వడకట్టినచో, చల్లాఱునప్పటికి మైనము పైన గడ్డకట్టును.

నార్కట్‌పల్లి ప్రాంతమువారికి ఈ కథ దూరపుదేశపుది కాదు. దక్షిణమున నల్లగొండ చెంతనున్న పానగల్లు కందూరు చోడుల రాజధాని, ఉత్తరమున కొలనుపాక. రెండును కల్యాణి చాళుక్యుల యేలుబడికి లోబడినట్టివి. ఆ వంశపు రాజైన మూడవ సోమేశ్వరుడు పండ్రెండవ శతాబ్ది రెండవ పాదమున రచించిన మానసోల్లాసములో మైనపు పోత సవిస్తరముగా వర్ణింపబడినది. ముందుగా మూర్తిని మైనముతో తీర్చి, వీపునను భుజములందును ఉమ్మెత్తపూవువంటి గొట్టములు నిలుపవలెను. ఊకబొగ్గు, సన్నముగా తఱిగిన దూది, కొంచెము ఉప్పు కలిపి నూఱిన మన్ను పలుచగా పూసి నీడను ఆఱనీయవలెను. పిదప రెండవపూత, దానిపై దళసరిగా మూడవది. మంట తగిలినప్పుడు మైనము కరగి వెలికి పోవును. మిగిలిన బోలులో లోహరసము పోయుదురు. మైనమును ముందే తూచియుంచుకొని, వెండియైనచో దానికి పండ్రెండింతలును, బంగారమైనచో పదునాఱింతలును కరగింపవలెనట. ఈ లెక్కను శ్లోకములో పెట్టినవాడు రాజు; కొలిమిముందు తేల్చినవాడు ఏ యోజుడో! ఆతని పేరు గ్రంథమున లేదు.

విద్య సోమేశ్వరునికంటె మిక్కిలి పూర్వపుది. బుద్ధపాడున దొరకి, నేడు లండనులోని బ్రిటిషు మ్యూజియమున నున్న బుద్ధుని కంచువిగ్రహములు అయిదాఱు శతాబ్దులు ముందటివి.

మైనమునకు మఱియొక యుద్యోగము అద్దకమువారి యింట. నార్కట్‌పల్లి మీదుగా సాగు రాజమార్గము తుదకు చేరు మచిలీపట్నమున, నీలిరంగు తగులరాని తావులను మైనముతో కప్పి, బట్టను నీలితొట్టిలో ముంచి, పిదప మరుగునీట మైనము తీసెడివారు. కోరమండలపు కలంకారీ బట్టల పద్ధతిని కోయెర్దూ అను ఫ్రెంచి పాదరీ 1742లో జాబుగా వ్రాసి స్వదేశమునకు పంపెను. మనవారు వ్రాసిపెట్టుకొనని రహస్యము అట్లు పరదేశపు కార్ఖానాలకెక్కినది.

క్రొవ్వొత్తిలో మాత్రము మైనమున్నదని భ్రమపడరాదు. పేరే చెప్పుచున్నది, అది జంతువుల క్రొవ్వుతో చేసిన వత్తి. 1830లో జర్మను రసాయనికుడు రైషెన్‌బాహ్ పారఫిను కనుగొన్న పిదప క్రొవ్వు పోయినది, పేరు నిలిచినది. నేటి వత్తి చాలవఱకు మంటినూనెనుండి వచ్చిన పదార్థమే.

ఆదిలాబాదు సీమ ఓజులు నేటికిని మట్టిదిమ్మపై మైనపుదారములు చుట్టి గోండుల దేవతలను, నెమళ్లను, గంటలను పోత పోయుచున్నారు. 2018లో ఆ పనికి భౌగోళిక గుర్తింపు లభించినది. పోత దీయుటకు అచ్చును ప్రతిమాఱు పగులగొట్టవలసినదే. కావున ఏ మూర్తికిని జోడు లేదు. ఱాతిబొమ్మ గుడిలో కదలక యుండును. కంచుబొమ్మయో, చేత పట్టి కొనిపోదగినది, కరగింపదగినది. పాతయిత్తడివాడు వాకిట నిలిచినప్పుడు, పెరుగుచెంబులతోపాటు తాతలనాటి చిన్నవిగ్రహమును తక్కెడలో వేయుట మన పల్లెలలో వింత కాదు. వేయుటకు ముందు దానిని వీపువైపునకు త్రిప్పి చూడుడు. గొట్టములు కోసి ఆకురాయితో రాచిన మచ్చలు కొన్నింట నింకను కనబడును.