యాభై ఆరేళ్ళ పసుపు వెలుగు

మొన్న సంక్రాంతికి ఊరెళ్ళి తిరిగొచ్చేటప్పుడు జరిగిన సంగతి. బయలుదేరేసరికే రాత్రి ఎనిమిదైంది. మా ఊరి నుంచి హైవే ఎక్కాలంటే ఓ ఇరవై కిలోమీటర్లు సింగిల్ రోడ్డు. నేను నడుపుతున్నా, పక్కన నాన్న, వెనక మా ఆవిడ, పిల్లలు. డిక్కీ నిండా బియ్యం బస్తాలు, అరిసెల డబ్బాలు (ఊరి నుంచి ఖాళీగా ఎవరు పంపిస్తారు చెప్పండి). ఎదురుగా ఓ కారు, నీలం కలిసిన తెల్లటి లైట్లతో వస్తోంది. డిప్పర్ కొట్టాను. వాడు తగ్గించకపోగా ఏకంగా హై బీమ్ వేసేశాడు. ఓ మూడు సెకన్లు నాకు ఏమీ కనపడలేదు. అరవై స్పీడులో మూడు సెకన్లంటే యాభై మీటర్లు. వాడు దాటాక కళ్ళు సర్దుకునేలోపు ఎదురుగా చెరుకు ట్రాక్టర్, వెనక ఒక్క లైటు కూడా లేదు. బ్రేక్ మీద దాదాపు నిలబడ్డాను. చెరుకు గడలు బానెట్‌కి జానెడు దూరంలో ఆగాయి.

కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తరవాత నాన్నే అన్నాడు, "మా రోజుల్లో లారీల లైట్లకి పైసగం నల్లరంగు వేసేవాళ్ళురా. ఇప్పుడెందుకు తీసేశారో" అని. నాకూ గుర్తే. అంబాసిడర్లకీ లారీలకీ హెడ్‌లైటు మీద పైసగం నల్లరంగో, మధ్యలో నల్లబొట్టో ఉండేది. చిన్నప్పుడు దిష్టిబొట్టు అనుకునేవాణ్ణి.

ఇంటికొచ్చాక మా బావమరిదికి ఇదంతా చెప్తే, "పసుపు బల్బులు వేయించెయ్ బావా, కళ్ళకి హాయిగా ఉంటాయి. ఫ్రాన్స్‌లో ఒకప్పుడు అందరికీ అవే, చట్టమే ఉండేదట" అన్నాడు. సరేనని ఆదివారం యాక్సెసరీస్ షాపుకెళ్తే అక్కడి కుర్రాడు మెనూ చదివినట్టు "వైటా, ఐస్ బ్లూనా, ఎల్లోనా సార్?" అన్నాడు. ఏది లీగలో అడిగితే వింతగా చూశాడు :). కొనకుండా వచ్చేశాను. ప్రొడక్షన్‌లో పెట్టేముందు స్పెక్ చదవడం అలవాటైపోయిన ప్రాణం కదా, ఆ ఫ్రాన్స్ సంగతేంటో చూద్దామని కూర్చున్నాను. చూస్తే అది మన వృత్తిలో రోజూ చూసే కథే.

1920ల్లో కార్లకి కరెంటు లైట్లు మామూలయ్యాక, అప్పటిదాకా లేని తలనొప్పి ఒకటి వచ్చిపడింది. నాకు దారి కనపడాలంటే లైటు గట్టిగా ఉండాలి, అది గట్టిగా ఉంటే ఎదుటివాడికి దారి కనపడదు. 1925లో జర్మనీలో ఒకే బల్బులో రెండు ఫిలమెంట్లు పెట్టి బైలక్స్ అని తెచ్చారు. మనం ఇవాళ్టికీ కొట్టే డిప్పర్‌కి మూలం అదే. ఫ్రెంచి వాళ్ళు ఇంకో వైపు నుంచి కూడా ఆలోచించారు. దిశ సరే, అసలు వెలుగులో ఏ రంగు కంటిని బాధిస్తోంది అని. వాళ్ళకి తేలింది నీలం, ఊదా. ఆ పొట్టి తరంగాలు కంట్లో సరిగ్గా కుదరవు, మిరుమిట్లు ఎక్కువ. అంచేత వాటిని వడకట్టేస్తే మిగిలేది పసుపు. దానికి వాళ్ళు పెట్టిన పేరు "సెలెక్టివ్ పసుపు". అంటే తెల్లటి దాని మీద పసుపు పూయడం కాదు, తెలుపులోంచి నీలాన్ని ఏరి తీసెయ్యడం. ఈ తేడా కాస్త గుర్తుంచుకోండి, చివర్లో పనికొస్తుంది.

1936లో ఫ్రాన్స్ దీన్ని తప్పనిసరి చేసింది. 1937 నుంచి మొదలుపెట్టి దేశంలో బండి అన్నదానికల్లా ముందు పసుపు వెలుగే ఉండాలి. బల్బు గాజు పసుపుదైనా సరే, ముందు అద్దం పసుపుదైనా సరే, వెనకాల రిఫ్లెక్టర్ పసుపుదైనా సరే, బయటికొచ్చే వెలుగు మాత్రం పసుపై ఉండాలి. ఇంటర్‌ఫేస్ ఇది, ఇంప్లిమెంటేషన్ మీ ఇష్టం అన్నమాట. (అప్పటికి మన యానాం కూడా ఫ్రెంచి వాళ్ళదే, 1954 దాకా. గోదావరి గట్టు మీద పసుపు లైట్ల కారు చూసిన తాతగారెవరైనా ఉంటే కూర్చుని కబుర్లు వినాలనుంది.)

ఈ చట్టానికి ఫ్రాన్స్‌లో ఇంకో కథ బాగా ప్రచారంలో ఉంది. జర్మనీతో యుద్ధం వస్తుందని తెలుసు కాబట్టి, రాత్రిపూట మన బండేదో శత్రువు బండేదో తేలిగ్గా గుర్తుపట్టడానికే పసుపు పెట్టారని. వినడానికి భలే ఉంటుంది గానీ నాకు నమ్మబుద్ధి కాదు. శత్రువు ఓ పసుపు బల్బు కొనుక్కుంటే అయిపోయే సెక్యూరిటీ అది. పైగా యుద్ధం వచ్చాక అందరూ హెడ్‌లైట్లకి ముసుగులు తొడిగి గుడ్డివెలుగులో నడిపారు. తమాషా ఏంటంటే, రంగుతో గుర్తుపట్టడం అనే పని ఆ తరవాత నిజంగానే ఒకచోట జరిగింది. లె మాన్స్ 24 గంటల రేసులో చాలా ఏళ్ళ పాటు జీటీ కార్లకి పసుపు లైట్లు, వాటికంటే వేగంగా పోయే ప్రోటోటైపులకి తెల్ల లైట్లు. అద్దంలో తెల్లది కనపడిందంటే వెనకాల వచ్చేది పెద్దదని తెలిసిపోయేది.

యుద్ధం అయిపోయింది, చట్టం మిగిలింది. 2సీవీ, రెనో 4, సిట్రోయెన్ డీఎస్, పెజో 504.. పాత ఫ్రెంచి సినిమాల్లో రాత్రి సీన్లు చూడండి, వీధంతా ఆముదం దీపాలు పెట్టినట్టు ఉంటుంది. పక్క దేశాల్లో అంతా తెలుపు. వోక్స్‌వాగన్ అయినా ఫియట్ అయినా ఫ్రాన్స్‌కి కారు పంపాలంటే ఆ ఒక్క దేశానికే వేరే కాన్ఫిగ్. క్లయింట్లలో ఒకడికి మాత్రమే తేదీ ఫార్మాట్ తిరగేసి ఇవ్వాల్సి వచ్చిన వాళ్ళకి ఈ బాధ అర్థమవుతుంది. 1960ల్లో హాలోజెన్ బల్బులు వచ్చాక ఇంకో చిక్కు. ఆ బల్బు క్వార్ట్జ్ గాజు మహా వేడెక్కుతుంది, దానికి రంగు కలపడం కుదరదు. అంచేత బల్బు మీద పసుపు గాజు టోపీ ఒకటి తొడిగారు. ఒక అవసరం పాతబడిపోతున్నకొద్దీ దాని చుట్టూ ఎన్ని ప్యాచ్‌లు పడతాయో చూడండి.

ఇంగ్లీషు వాళ్ళు సెలవులకి ఓడ దాటి ఫ్రాన్స్ వెళ్ళేటప్పుడు హెడ్‌లైట్లకి పసుపు లక్క పూసుకునేవాళ్ళు. నిజానికి విదేశీ బండ్లకి ఆ చట్టం వర్తించదు. కానీ తెల్ల లైట్లతో వెళ్తే ఎదురొచ్చే ఫ్రెంచి వాడు కోపంగా లైట్లు మిణికించేవాడట. నాకు ఈ వివరం బాగా నచ్చింది. ఎందుకంటే ఆ ఫ్రెంచి వాడికి నిజంగానే ఆ తెల్ల లైటు భరించలేనిదిగా అనిపించేది. అలవాటు పడ్డ కన్ను మరి. దాన్నిబట్టి పసుపు మేలని రుజువైనట్టా? కానట్టే. దేశం మొత్తం ఒకే గ్రూపులో ఉంటే ఇక పోల్చడానికి ఏముంటుంది? ఏ/బీ టెస్ట్‌లో బీ మాత్రమే ఉన్నట్టు.

పోల్చి చూసినవాళ్ళు లేకపోలేదు. డచ్చి వాళ్ళు ఈ విషయంలో ఘనులు. వాళ్ళ రోడ్డు భద్రతా సంస్థ కోసం ష్రోయిడర్ అనే ఆయన "తెలుపా పసుపా" అన్న ఈ ఒక్క ప్రశ్న మీదే 1976లో నివేదిక రాశాడు. మొత్తమ్మీద తేలిందేంటంటే, రెంటికీ మధ్య ఖచ్చితంగా ఇదే గొప్ప అని చెప్పేంత తేడా లేదు. ఇందులో ఒక మెలిక ఉంది. వడపోత అంటే వెలుగులో కొంత పోవడమే, ఇక్కడ సుమారు 15 శాతం. మరి పసుపు లైటు కంటిని తక్కువ బాధించిందంటే అది రంగు మహిమా, లేక వెలుగే తగ్గినందుకా? సమానమైన వెలుగులో చూసినా పసుపు కాస్త తక్కువ చిరాకు పెడుతుందని పరిశోధనలు చెప్తాయి. కానీ చిరాకు వేరు, కనపడకపోవడం వేరు. ఎదుటి లైటు మనకి చిరాకు కలిగించకుండానే దారిలో మనిషిని దాచెయ్యగలదు.

ఇక పొగమంచులో పసుపు దూసుకుపోతుందనే నమ్మకం మనకీ ఉంది, ఆకాశం నీలంగా ఎందుకుంటుందో చెప్పే రేలీ లెక్క తెచ్చి మరీ వాదిస్తారు. అది ఇక్కడ పనిచేయదు. రేలీ లెక్క గాలిలో అణువుల్లాంటి అతి చిన్న వాటికి. మంచు బిందువులు వెలుగు తరంగం కంటే చాలా పెద్దవి, అవి ఏ రంగునైనా దాదాపు ఒకేలా చెదరగొడతాయి. అందుకే మంచు తెల్లగా కనపడుతుంది!

మరి ఇంత బలహీనమైన ఆధారాలతో చట్టం అన్నేళ్ళు ఎలా నిలబడింది? తీసెయ్యాల్సిన అవసరం ఎవరికీ రాలేదు, అంతే. కోడ్‌లో "దీన్ని ముట్టుకోకండి" అని కామెంట్ ఉన్న ఫంక్షన్ లాగా. నవ్వకండి, అమెరికా ఇంతకన్నా విచిత్రం. వాళ్ళు రంగు బదులు ఆకారాన్ని గడ్డకట్టించారు. 1940 నుంచి 1983 దాకా సీల్డ్ బీమ్ తప్ప ఇంకోటి పెట్టకూడదు, మొదట్లో అయితే ఏడంగుళాల గుండ్రటివి రెండే. 1968లో లైట్ల ముందు గాజు కవర్లు కూడా నిషేధిస్తే జాగ్వార్ ఈ-టైప్ అందం సగం పోయింది. సిట్రోయెన్ స్టీరింగ్‌తో పాటు తిరిగే లైట్లు చేస్తే అవి అమెరికాలో అడుగుపెట్టలేకపోయాయి. ఫ్రాన్స్ చట్టం వల్ల కనీసం పాత సినిమాలకి అందమొచ్చింది.

చివరికి పసుపుని ఓడించింది సైన్సు కాదు, మార్కెట్టు. 1993 జనవరి 1 నుంచి ఐరోపా దేశాలన్నీ ఒకే మార్కెట్ కావాలి. కారు ఒక దేశంలో పాసైతే అన్నిట్లో పాసవ్వాలి. 1991లో వచ్చిన ఆదేశంతో ఆ తేదీ తరవాత రిజిస్టరయ్యే కొత్త కార్లకి ఫ్రాన్స్‌లోనూ తెల్ల లైట్లే. పాత కార్లకి పసుపు ఉంచుకోవచ్చన్నారు. అందుకే అక్కడ ఇప్పటికీ ఏ పాత డీఎస్సో రోడ్డెక్కితే ఆ వెలుగు కనపడుతుంది.

ఇక్కడే నాకు చరిత్ర మీద కాస్త కోపం వచ్చింది. సరిగ్గా ఆ 1991లోనే బీఎండబ్ల్యూ 7 సిరీస్‌లో జెనాన్ లైట్లు వచ్చాయి, నీలం పాలు ఎక్కువున్న వెలుగుతో. ఖరీదైన కారు లైటు నీలంగా ఉంటుంది కాబట్టి మామూలు కారు వాళ్ళు హాలోజెన్ బల్బుకి నీలం గాజు తొడుక్కోవడం మొదలుపెట్టారు. అంటే ఉన్న పసుపుని వడకట్టి, వెలుగు తగ్గించుకుని, మిరుమిట్లు పెంచుకోవడం! ఫ్రెంచి వాళ్ళు చేసినదానికి ఖచ్చితంగా తలకిందులు. 2007-08 నుంచి ఎల్ఈడీ హెడ్‌లైట్లు వచ్చాయి. తెల్ల ఎల్ఈడీ అంటే నిజానికి నీలం చిప్ మీద పసుపు ఫాస్ఫర్ పూత. పాత ఫిలమెంట్ బల్బులో నీలం ఉన్నదే తక్కువ, దాన్ని తీసేసినా పెద్ద తేడా రాలేదు. ఏరి తీసెయ్యడానికి బోలెడు నీలం ఉన్న దీపం ఇప్పుడొచ్చింది, తీయమనే చట్టం మాత్రం అప్పుడే పోయింది. 1936 నాటి ఆ ఫ్రెంచి పెద్దలది తప్పు జవాబు కాదేమో, దీపమే ముందొచ్చేసిందేమో అనిపించింది.

అలాగని చట్టంలో "తెలుపు" అని రాస్తే నీలం బల్బులు ఆగుతాయా అంటే, అదీ లేదు. తెలుపు అనేది ఒక చుక్క కాదు, 1931 నాటి సీఐఈ రంగుల పటంలో గిరిగీసిన ఒక ప్రాంతం. అటు అంచున ఉన్నది కొంచెం పసుపుగా, ఇటు అంచున ఉన్నది కొంచెం నీలంగా ఉన్నా రెండూ చట్టానికి తెలుపే. కంపెనీలు ఆ నీలం అంచు మీదే కాపురం పెట్టాయి.

మన దగ్గర రంగు లైటు అనగానే గుర్తొచ్చేది బుగ్గ కారు. మోటారు వాహనాల నిబంధనల్లో 108వ రూలు ప్రకారం బండి ముందు వైపు ఎర్ర లైటు చూపించకూడదు, మినహాయింపులు తప్ప. ఆ మినహాయింపుల చుట్టూనే మన పోరాటాలన్నీ, 2017 మే 1న బుగ్గలు తీసేసేదాకా. అసలు కళ్ళు కాపాడే రూలు దానికి రెండు ముందు, 106వది. హెడ్‌లైటు కిరణం ఎప్పుడూ కిందికి వంగి ఉండాలి, ఎదుటివాడి కళ్ళలో పడకూడదు అంటుంది. రంగు మాట కాదు, కోణం మాట. ఫిలమెంట్ కోసం లెక్కగట్టిన రిఫ్లెక్టర్‌లో బయటి ఎల్ఈడీ బల్బు దూరిస్తే ఆ కోణమే పోతుంది, తెలుపైనా పసుపైనా.

అది చదివాక పసుపు బల్బుల ఆలోచన మానుకుని మెకానిక్ దగ్గరికెళ్ళి లైట్లు సెట్ చేయమన్నాను. అతను కారు గోడకెదురుగా పెట్టి చూసి "బానే ఉన్నాయి సార్" అన్నాడు. అంతలో స్టీరింగ్ పక్కన సున్నా నుంచి మూడు దాకా అంకెలున్న చిన్న చక్రం చూపించి, "దీన్నెప్పుడన్నా తిప్పారా?" అని అడిగాడు. కారు కొని ఆరేళ్ళయింది. ఏసీది అనుకున్నా.

వెనక బరువుంటే కారు ముక్కు పైకి లేస్తుంది, లైట్లు ఎదుటివాడి కళ్ళలోకి పోతాయి, అప్పుడు ఆ చక్రం తిప్పి కిందికి దించాలట. ఆ రాత్రి డిక్కీలో బస్తాలు నాలుగున్నాయి. చక్రం సున్నా మీదే ఉంది. వాడు హై బీమ్ ఎందుకేశాడో ఇప్పుడు తెలిసింది. నాన్నకి ఇంకా చెప్పలేదు.