పండుగ బొమ్మల పూర్వగాథ

పండుగనాడు దూరమున నున్న ఆప్తులకు బొమ్మతో గూడిన శుభాకాంక్షలు పంపు ఆచారము మనము తలంచునంత ప్రాచీనము కాదు. అందు క్రిస్మసు కార్డునకొక సంవత్సరము కలదు, ఒక నగరము కలదు. 1843లో లండను నగరమున హెన్రీ కోల్ అను ప్రభుత్వోద్యోగి, క్రిస్మసు దినములలో వచ్చిపడు ఉత్తరములన్నిటికిని స్వహస్తముతో బదులు వ్రాయు తీరిక లేనివాడై, జాన్ కాల్కాట్ హార్స్‌లీ అను చిత్రకారునిచే నొక బొమ్మ గీయించి, వేయి ప్రతులు అచ్చొత్తించి, తనకు వలసినవి పోగా మిగిలినవానిని ఒక్కొక్క షిల్లింగునకు అమ్మకమునకు పెట్టించెను. అంతకు మూడేండ్ల ముందు, కోల్ తోడ్పాటుతోనే రోలండ్ హిల్ నెలకొల్పిన పెన్నీ తపాలా, దేశమున ఏ మూలకైనను ఒక్క పెన్నీకే ఉత్తరము చేర్చుచుండుటచే ఆ యూహ సాధ్యమైనది గాని, కార్డు వెల తపాలా వెలకు పండ్రెండు రెట్లు గనుక సామాన్యుల యిండ్లకు అది చేరలేదు.

ద్రాక్షతీగెలు అల్లుకొన్న మూడు గవాక్షముల వంటి యా చిత్రమున, నడుమ నొక కుటుంబము తాతలు మొదలు పసిపిల్లల వరకు బల్ల చుట్టును గూర్చుండి, కార్డు అందుకొన్నవారి క్షేమము కోరి మద్యపాత్రలు ఎత్తుచున్నది. ఒక ప్రక్క ఆకలిగొన్నవారికి అన్నము, మరియొక ప్రక్క వస్త్రహీనులకు వస్త్రము. పసిబిడ్డ నోటికి పాత్ర అందించుట చూచి మద్యపాన నిషేధవాదులు కినిసిరి. మంచు లేదు, ఎఱ్ఱ అంగీ తొడిగిన తాత లేడు. నేడు క్రిస్మసు అనగానే కన్నులకు కట్టు రూపములు పిమ్మట ఒక్కటొక్కటిగా వచ్చి చేరినవే: అమెరికాలో థామస్ నాస్ట్ 1863 మొదలుకొని పత్రికలలో సాంటాక్లాజును గీసి రూపమిచ్చెను, 1931లో హాడన్ సండ్‌బ్లామ్ కోకాకోలా ప్రకటనల కొరకు వేసిన చిత్రములు ఆ రూపమును లోకమంతట స్థిరపఱచెను.

రంగుల కార్డులు ఇంటింటికిని చేరుటకు కారణము రాయి. బవేరియాలోని సోల్న్‌హోఫెన్ గనులలో దొరకు నున్నని సున్నపురాతిపై జిడ్డు కలిసిన బలపముతో బొమ్మ గీసి, రాతిని నీటితో తడిపి, సిరా పూసినచో, జిడ్డునకును నీటికిని పొత్తు లేదు గనుక, సిరా గీతలమీదనే నిలుచును. 18వ శతాబ్ది చివర సెనెఫెల్డర్ కనుగొన్న యీ విద్యకు 1837లో ఎంగెల్మాన్ రంగులు చేర్చెను. రంగునకొక రాయి, ఒకే కాగితము అన్ని రాళ్ల మీదను వరుసగా వెంట్రుకవాసి తప్పకుండ పోవలెను, లేకున్న చెక్కిలి ఎఱుపు గడ్డము మీదికి జరుగును. అచ్చు ముగిసినంతనే రాతిని ఇసుకతో నూరి, వేఱొక బొమ్మకు సిద్ధము చేసెడివారు. గీసిన చేతి జాడ అంతటితో సరి. ఆ పనివారిలో పెక్కుమంది పేర్లు నేటికి మిగులలేదను సంగతి నన్ను నిజముగా బాధించును. బోస్టను నగరపు ముద్రాపకుడు లూయీ ప్రాంగ్ 1880లో క్రిస్మసు కార్డులకు పోటీ పెట్టి, రోసినా ఎమ్మెట్ అను చిత్రకారిణికి వేయి డాలర్ల ప్రథమ బహుమతి నొసగి పేరు ప్రకటించుట ఆ కాలమున అరుదైన గౌరవము.

ఆ రాతి విద్య మన దేశమునను వేరూనినది. 1894లో రాజా రవివర్మ జర్మను యంత్రములతోను, జర్మను పనివారితోను బొంబాయిలో నెలకొల్పిన ముద్రణాలయమునుండి వెలువడిన లక్ష్మీ సరస్వతుల పటములు పూజామందిరముల కెక్కినవి. వానిపై చమికీలు, జరీగుడ్డ కుట్టి సింగారించుకొన్న యిల్లాండ్రును ఉన్నారు. తరువాతి కాలమున శివకాశి క్యాలెండర్లు ఆ పని సాగించినవి.

ఇప్పుడు రాయి లేదు, కాగితము లేదు. కోరిన మాట వ్రాసినంతనే చిత్రము నిర్మించు యంత్రములు 2022లో జనసామాన్యమునకు అందినవి. బొమ్మలను చెదరిన చుక్కలుగా మార్చి, ఆ చుక్కలనుండి మరల బొమ్మను రాబట్టుట వానికి నేర్పినారు. కావున అవి మన మాట ననుసరించి, వట్టి చుక్కల గందరగోళమునుండి మెట్టుమెట్టుగా రూపమును తేర్చును. క్రిస్మసు బొమ్మ కోరినచో నాస్ట్, సండ్‌బ్లామ్‌ల తాతయే ఎదుట నిలుచుటలో వింత లేదు. ఆ యంత్రములు చూచి నేర్చినది ఆ పరంపరనే. తమ చిత్రములను అనుమతి లేక వాడుకొనిరని 2023 జనవరిలో అమెరికాలో కొందఱు చిత్రకారులు న్యాయస్థానమున వ్యాజ్యము వేసిరి. ప్రాంగ్ బహుమతి నిచ్చి, పేరు ప్రకటించి పొందినదానిని అడుగకయే తీసికొనుట అన్యాయమని నా దృఢమైన అభిప్రాయము.

ఇట్టి యంత్రములకు నేర్పుటకై లయాన్ అను సంస్థ 2022లో ప్రకటించిన సంచయమున సుమారు 585 కోట్ల బొమ్మల లంకెలు, వానికి సంబంధించిన మాటలతో సహా ఉండెను. అందు ఆంగ్లభాషలో వివరణ గలవి 230 కోట్లకు పైబడినవి. నూటికి మించిన తక్కిన భాషలన్నియు గలిసి ఇంచుమించు అంతే; మిగిలినవాని భాష తేలలేదు. ఆ నూఱు భాషలలో మన తెలుగునకు దక్కు వాటా ఎంత స్వల్పమో ఊహింపవచ్చును. తెల్లవాఱకముందే వాకిట వేయగా సాయంకాలమునకు చెఱిగిపోవు సంక్రాంతి ముగ్గును, తలపై అక్షయపాత్ర, చేత చిడతలు గల హరిదాసును, కొమ్ములకు తొడుగులు, వీపున బొంత గల గంగిరెద్దును మనవారు ఫొటోలు తీసి, తెలుగుననే పేరు వ్రాసి, భద్రపఱచి యుంచినగాని యీ యంత్రములకు అవి చక్కగా తెలియు దారి లేదు. తీసినవాని పేరును, బొమ్మలోని కళాకారుని పేరును దాని క్రిందనే వ్రాయవలెను.