మీర్ మోమిన్ దాయరా: కర్బలా మట్టి చేరిన చోటు

మొహర్రం నెల వస్తే ఆసిఫాబాద్ చుట్టుపక్కల పల్లెల్లో పీర్ల కొట్టాలకు కళ వస్తుంది. దట్టీలు కట్టిన పీర్లు లేస్తాయి, గుండం చుట్టూ ఆట సాగుతుంది, మలీద పంచుతారు. మొక్కేవాళ్లలో హిందువులూ పెద్దసంఖ్యలో ఉంటారు. ఈ పండుగ తెలంగాణలో ఇంతగా వేళ్లూనుకోవడానికి కారణం గోల్కొండను ఏలిన కుతుబ్‌షాహీలు. వాళ్లు ఇమామ్ హుసేన్ బలిదానాన్ని మొహర్రంలో స్మరించే షియాలు. ఆ కొలువులో ఈ సంప్రదాయాన్ని పెంచి పోషించిన పెద్దమనిషి సమాధి హైదరాబాద్ పాతబస్తీలో ఉంది. దాని చుట్టూ విస్తరించిన ఖబరస్తానే దాయరా మీర్ మోమిన్.

మీర్ మొహమ్మద్ మోమిన్‌ది ఇరాన్ ఉత్తరాన ఉన్న అస్తరాబాద్. నేడు ఆ ఊరిని గోర్గాన్ అంటున్నారు. 1580ల తొలినాళ్లలో గోల్కొండ చేరిన ఈ పండితుడు మొహమ్మద్ కులీ కుతుబ్‌షాకు పేష్వా, అంటే ప్రధానమంత్రి అయ్యాడు. 1591లో మూసీకి దక్షిణాన కొత్త నగరం లేచింది. చార్మినార్ నడుమగా నాలుగు దిక్కులకూ దారులు తీసిన ఆ నగర పథకం మీర్ మోమిన్‌దేనని చరిత్రకారులు చెబుతారు. తూకాలు, కొలతల మీద ఆయన పారసీకంలో ఒక గ్రంథమే రాశాడు. కొలిచి, లెక్కించి, ముందుచూపుతో కట్టడం ఆయన తత్వం.

ఆ ముందుచూపు చావు దాకా సాగింది. క్రీ.శ. 680లో కర్బలాలో ఇమామ్ హుసేన్ అమరుడైన నాటి నుంచి, ఆయన పాదాల చెంత మట్టిలో కలిసిపోవాలన్నది షియాల కోరిక. కలిగినవాళ్లు శవాలను దూరదేశాల నుంచి సైతం కర్బలాకు చేర్పించేవారు. దక్కన్‌కు బతకవచ్చిన పేద సిపాయికి, సముద్రం దాటి వచ్చిన చిన్న వర్తకుడికి ఆ భాగ్యం ఎక్కడిది? అందుకే మీర్ మోమిన్, అంతకుముందే షాచిరాగ్ అనే సాధువు సమాధి ఉన్న చోట నేల కొని ఖబరస్తాన్‌కు ఇచ్చాడు. కర్బలా నుంచి మట్టి తెప్పించి అక్కడ చల్లించాడని తరతరాలుగా చెప్పుకుంటారు. కర్బలాకు వెళ్లలేనివాళ్ల కోసం కర్బలానే ఇక్కడికి రప్పించిన ఆలోచన అది. 1625లో ఆయనా అదే నేలలో ఒదిగాడు.

1687లో గోల్కొండ మొగలుల వశమైంది. రాజ్యం పోయినా దాయరా నిలిచింది. ఆ తర్వాత వచ్చిన నిజాంల కొలువులో దివాన్‌గా పనిచేసి 1808లో కన్నుమూసిన మీర్ ఆలం ఇక్కడే ఉన్నాడు. హైదరాబాద్ పాలనను సంస్కరించి 1883లో మరణించిన మొదటి సాలార్‌జంగ్, ప్రపంచం నలుమూలల నుంచి కళాఖండాలు సేకరించి 1949లో వెళ్లిపోయిన మూడో సాలార్‌జంగ్ కూడా ఇక్కడే. 1968లో హైదరాబాద్‌లో తుదిశ్వాస విడిచిన హిందుస్థానీ గాయకుడు ఉస్తాద్ బడే గులాం అలీఖాన్‌కూ ఈ నేలే చోటిచ్చింది. వీళ్ల పక్కనే పేరు చెక్కిన రాయికి నోచుకోని సామాన్యులున్నారు.

చార్మినార్ చూసేందుకు రోజూ వేలమంది వస్తారు. దాని చుట్టూ నగరానికి పథకం గీశాడనే మనిషి దగ్గరకు వచ్చేవాళ్లు తక్కువ. హైదరాబాద్ చరిత్ర చెప్పే పాఠంలో, నగరం చూపించే యాత్రలో ఈ దాయరాకు చోటు దక్కాలి. పరాయివాణ్ని బతకనివ్వడం ఒక ఎత్తు. చచ్చాక అతన్ని తనవాడిగా కలుపుకోవడం మరో ఎత్తు. ఆ రెండో పని కూడా చేసింది కాబట్టే హైదరాబాద్ అందరి నగరం అయింది.