పదకొండో నంబరు హెచ్చరిక

మన రేవుల్లో ఎగరేసే తుఫాను హెచ్చరికలు 11. మొదటి పదీ తుఫాను ఎంత తీవ్రమో, ఎటు దాటుతుందో చెబుతాయి. పదకొండోది వేరు: హెచ్చరిక కేంద్రంతో సంబంధాలు తెగిపోయాయి, ప్రమాదం ఉందనుకోండి అని.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖను తాకినప్పుడు రుషికొండ ఐటీ భవనాల అద్దాలు పగిలాయి. కరెంటూ ఫోన్లూ పోయాయి. తుఫానును కనిపెట్టి చూస్తున్న కైలాసగిరి డాప్లర్ రాడారే దెబ్బతింది.

వర్చువల్ సర్వర్లకు అలారం స్క్రిప్టులు రాసేవాళ్ళం మొదటి పదీ బాగానే రాస్తాం: సీపీయూ 90 శాతం దాటితే, డిస్కు నిండితే మెయిలు. ఆ స్క్రిప్టూ అదే మెషీన్‌ మీదుంటే దాంతోపాటే పోతుంది. మెయిలు రాదు, మనం నిశ్చింతగా నిద్రపోతాం. నా లెక్కలో ముందు రాయాల్సింది పదకొండోదే. సర్వరు నిమిషానికోసారి వేరే ఊరికి ‘ఉన్నాను’ అని కబురంపాలి. వరసగా మూడు కబుర్లు రాకపోతే అక్కడ గంట మోగాలి.