తెప్పను మోసుకెళ్లే విమానం

అలాస్కాలో గైడ్ లేకుండా, మనంతట మనమే తెప్ప వేసుకుని చేపల వేటకు పోదామని ఆంకరేజ్‌లోని తెలుగు మిత్రులు అడిగితే, నేను ముందు గాలాల సంగతి ఎత్తను. కాటా తెమ్మంటాను. కింగ్ సాల్మన్ అనే ఊరి నుంచి, తెప్ప దించాల్సిన నాన్‌వియానుక్ సరస్సుకు రోడ్డు లేదు, నీళ్ల మీద దిగే బీవర్ విమానమే గతి. మనుషులు, తెప్ప, తెడ్లు, గుడారం, ఎలుగుబంట్లు తెరవలేని తిండి డబ్బాలు, అన్నీ కలిపి అది అర టన్ను అటూ ఇటూగా మోస్తుంది. మించితే రెండో ట్రిప్పు. కాబట్టి బియ్యం నుంచి చెప్పుల దాకా తూచాల్సిందే.

ఈ తూకం లెక్క వెనక పెద్ద చరిత్రే ఉంది. బీవర్‌ను తయారుచేసే ముందు కెనడాలోని డి హావిలాండ్ కంపెనీ, అడవుల్లో విమానాలు నడిపే పైలట్లనే మీకేం కావాలని అడిగింది. వాళ్లు వేగం కోరలేదు. బలమైన ఇంజిన్ కావాలన్నారు, చిన్న చోటులోనే పైకి లేవాలన్నారు. పీపాను దొర్లించి ఎక్కించేంత వెడల్పుగా తలుపులు పెట్టారు. ఆయిల్ పోసే మూత కాక్‌పిట్ లోపలే ఉంటుంది, పైలట్ ఎగురుతూనే పోసుకోవచ్చు. 1947 ఆగస్టు 16న మొదటిసారి ఎగిరిన ఆ విమానం తయారీ 1967లో ఆగిపోయింది. అయినా ఇవాళ్టికీ మన తెప్ప చుట్ట ఆ పీపా తలుపులోంచే లోపలికి పోతోంది. గాలి ఊదే రబ్బరు తెప్పలు మామూలు జనం చేతికొచ్చిందీ ఆ రోజుల్లోనే. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక సైన్యం దగ్గర మిగిలినవి చవగ్గా అమ్మారు.

అంతకు ముందు ఈ ప్రాంతపు నదులు నిర్మానుష్యంగా ఉన్నాయనుకుంటే పొరపాటు. ఉత్తరాన ముల్చట్నా నది ఎగువకు దెనైనా అనే స్థానిక తెగ జనం నడిచి వెళ్లి వేటాడేవారు. వసంతంలో కర్రల చట్రానికి జంతువుల తోళ్లు బిగించి, ఆ పడవల్లో మాంసంతో దిగువకు వచ్చేవారు. మాది కర్నూలు, తుంగభద్ర మీద పుట్టి ఎక్కి పెరిగినవాణ్ణి. 1520 ప్రాంతంలో విజయనగరం చూసిన పోర్చుగీసు యాత్రికుడు పేస్, అక్కడి పుట్టిలకు బయట తోలు కప్పి ఉండేదని రాశాడు. అందుకే దెనైనా పడవ గురించి చదివినప్పుడు నాకది పరాయిదనిపించలేదు.

నన్ను ఎక్కువగా బాధపెట్టేది చేప తోకల కథ. ఇవాళ మనం వేలకు వేలు పోసి వెళ్లేది రెయిన్‌బో ట్రౌట్ కోసం. 1920లు, 30లలో ఈ నదులున్న బ్రిస్టల్ బే ప్రాంతంలో డాలీ వార్డెన్ అనే చేపను చంపి తోక తెచ్చినవాళ్లకు సెంట్ల లెక్కన బహుమతి ఇచ్చేవారు. సాల్మన్ గుడ్లను, పిల్లలను అది తినేస్తోందని నేరం మోపారు. ఎండిన తోకలను తీగ చుట్టలకు గుచ్చి కట్టలుగా తెచ్చేవారు. తీరా శాస్త్రజ్ఞులు అలాస్కాలో అలాంటి కట్టలు కొన్ని విప్పి పరీక్షిస్తే, వాటిలో రెయిన్‌బో ట్రౌట్ తోకలు వేలల్లో ఉన్నాయి. ఎవరిని కాపాడాలని ఆ డబ్బు ఇచ్చారో ఆ సాల్మన్ జాతి తోకలూ ఉన్నాయి! డబ్బు తోకకు, తోక ఎవరిదో అడిగేవారు లేరు. 1940 నాటికి ఆ పథకం ఆగిపోయింది. దాన్ని తలచుకున్నప్పుడల్లా, పట్టిన ట్రౌట్‌ను నీళ్లలోనే ఉంచి గాలం విప్పి వదిలేయమని మిత్రులకు గట్టిగా చెప్పాలనిపిస్తుంది.

పథకం ఆగిన పదేళ్లకు, 1950లో, రే పీటర్సన్ అనే విమాన సంస్థ అధినేత కాట్‌మై ప్రాంతంలో చేపల వేట శిబిరాలు తెరిచాడు. వాటిలో ఒకటి నాన్‌వియానుక్ దగ్గరే. తన విమానాలకు ప్రయాణికులు కావాలి, ఊళ్లలోవాళ్లకు చేపలు కావాలి. 1980 డిసెంబరు 2న అమెరికా చట్టం చేసి, మనం తెప్ప మీద దిగే అలాగ్నాక్ నదిని సంరక్షిత నదుల్లో చేర్చింది. ఆనకట్ట లేని ఆ నది మీద మన తెప్ప ఆగకుండా సాగుతోందంటే ఆ చట్టం అండ ఉంది.

ఒక్క సంగతి మరవకూడదు. 1906 నాటి చట్టం కింద స్థానిక తెగల కుటుంబాలకు 160 ఎకరాల వరకు సొంత భూములు వచ్చాయి, అలాంటివి అలాగ్నాక్ ఒడ్డున చాలా ఉన్నాయి. నది అందరిదే, ఒడ్డు మాత్రం చాలాచోట్ల ఒకరి ఇంటి నేల. ఆ భూముల హద్దులు పటం మీద ఎర్ర పెన్సిల్‌తో గీసుకుని, రాత్రి ఎక్కడెక్కడ గుడారం వేయాలో తేల్చుకున్నాకే విమానానికి అడ్వాన్స్ కడతాను.