బొంత అస్తరు

మార్గశిర మాసమున మదనపల్లె పీఠభూమి మీది పల్లెలకు పోయినవారికి ఒక వింత అనుభవమగును. పగలు ఎండ చురుక్కుమనుచుండును. ప్రొద్దు గ్రుంకిన కొంతసేపటికే భుజముల మీదికి ఏదో ఒకటి లాగుకొనవలసి వచ్చును. సముద్రమట్టమునకు రెండు వేల అడుగులకు పైబడిన మదనపల్లె మొదలుకొని గుఱ్ఱంకొండ, కలకడల వఱకును ఆ మాసమందలి రాత్రుల తీరు దాదాపు ఇంతే. ఇచ్చటి బీదవారు ఈ చలికి ఏమి కప్పుకొనిరి అన్న ప్రశ్న చరిత్ర గ్రంథములలో పెద్దగా కనబడదు. కోటను గూర్చి వ్రాసిన వారున్నారు, కోట కావలివాడు కప్పుకొన్న దుప్పటిని గూర్చి వ్రాసిన వారు అరుదు.

గత శీతకాలమున మేము ఒక కార్యక్రమము నిమిత్తము కలకడ వైపు పోయినప్పుడు ఒక ఇంటి ముంగిట అత్తాకోడండ్రు బొంత కుట్టుచుండగా చూచితిమి. పైన వాడి మెత్తబడిన నూలు చీరలు నాలుగు పొరలు. అడుగున మాత్రము సంతలో కొన్న ఎఱ్ఱని, పువ్వుల అచ్చు వేసిన, నూగు నూగుగా మెత్తగానున్న దుప్పటి. దుకాణములవారు దీనినే ఫ్లీసు అందురు. పూర్వము ఇటువంటి బొంతలకు పాత కంబళి ముక్కను అస్తరుగా వేయుట మేమెఱుగుదుము. కనుక అడిగితిమి: "కంబళి యేమైనది అవ్వా?"

"కంబళి యాడిది నాయనా? గొర్రెలే మారిపాయె!" అని ఆమె దబ్బనము ఎత్తకుండనే జవాబు చెప్పినది.

అవ్వ మాట అక్షరాల నిజము. దానిని వివరించుటకు మేము కొంచెము వెనుకకు పోవలెను.

బొంతలో అందఱి చూపు పై పొర మీదనే నిలుచును. రంగులు, అతుకులు, కుట్టు వరుసలు అన్నియు అక్కడనే ఉన్నవి. కాని చలిని ఆపు పని చాలవఱకు అడుగు పొరది. ఒంటికి తగులునది, నేల చెమ్మను ఎదుర్కొనునది అదియే. పై పొరకు ఇంటిలోని పాత చీరలు చాలును. అడుగు పొరకు మాత్రము బయటినుండి ఏదైన వెచ్చనిది తేవలెను. అందుచేత ఏ కాలమున ఏది చౌకగా దొరకునో అదియే బొంత అస్తరైనది.

కుప్పము, పుంగనూరు మొదలు అనంతపురము, బళ్ళారి వఱకు చాలకాలము చౌకగా దొరకినది కురుబల కంబళి. దక్కను పీఠభూమి గొఱ్ఱెల ఉన్ని ముతకది, పొట్టిది, నల్లనిది. ఏటికి రెండు మారులు కత్తిరించినను ఒక్కొక్క గొఱ్ఱె కిలో ఉన్ని యైన ఇవ్వదు. దానిని ఏకి, రాట్నముపై వడికి, పడుగునకు చింతగింజల గంజి పట్టించి, గుంట మగ్గముపై నేయుదురు. ఆ గంజి వలన కొత్త కంబళి అట్టవలె బిఱుసుగా నుండును. నాలుగు వానలు తడిసి, నాలుగేండ్లు వాడిన పిదపగాని ఒంటికి ఒదుగదు. అప్పటికి అంచులు చిరుగును. చిరిగిన కంబళి బొంతలోనికి చేరును. గొంగళిలో తినుచు వెండ్రుకలు ఏరినట్లు అను సామెతను పుట్టించినవారికి ఈ సరకుతో మంచి పరిచయమే ఉండి యుండవలెను.

1800లో నిజాము ఈ సీమను ఇంగ్లీషు కంపెనీకి వదలుకొనెను. దత్తమండలములకు ప్రధాన కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో 1807 వఱకు ఏడేండ్లు ఇచ్చట తిరిగి, రైతు ఇంటిలో ఏమున్నదో చాల మంది తెల్లవారికంటె బాగుగా ఎఱిగిన వాడు. 1813లో కంపెనీ వ్యాపార హక్కులను గూర్చి ఇంగ్లండులో వాదోపవాదములు జరిగినవి. భారతదేశపు వాకిలి అందఱకు తెఱచినచో బ్రిటిషు సరకులు అచ్చట కుప్పలు తెప్పలుగా అమ్ముడుపోవునని పలువురు వర్తకులు ఆశపడిరి. మన్రో ఒప్పుకొనలేదు. వారికి కావలసిన వస్తువులు వారే చౌకగాను మేలుగాను చేసికొందురని వ్రాసెను. ముతక ఉన్ని బట్టల సంగతియు ఎత్తి, అవి నాసిరకపువైనను చౌకదనము చేత ఎల్లప్పుడును నిలిచియే యుండునని అభిప్రాయపడెను.

మన్రో జోస్యములో ఒక భాగము త్వరలోనే తప్పినది. లాంకషైరు మిల్లుల నూలు బట్ట మన సాలెవారి మగ్గములను ఎట్లు దెబ్బ తీసెనో చెప్పనక్కఱలేదు. కాని కంబళి విషయమున ఆయన మాట నూఱేండ్లకు పైగా నిలిచినది. యార్క్‌షైరు ఉన్ని మిల్లులు కురుబ మగ్గముతో పోటీకి దిగలేకపోయినవి. ఇంత ముతకది, ఇంత చౌకది నేసి ఓడనెక్కించుట వారికి గిట్టదు. మన్రోను పొగడుటకు ఇది చెప్పుట లేదు. నేతగాని శ్రమకు వెల అంత తక్కువగా నుండినదని కూడ దీని అర్థము.

ఇక దెబ్బ రెండు వైపుల నుండి వచ్చినది. మాంసమునకు గిరాకి పెరిగిన కొలది కాపరులు బొచ్చు లేని నెల్లూరు జాతి పొట్టేళ్ళను మందలలోనికి తెచ్చిరి. వాటి పిల్లలు ఎత్తుగా, బరువుగా పెరుగును, ఉన్ని మాత్రము ఉండదు. మిగిలిన ఉన్ని గొఱ్ఱెలకు కత్తిరింపు కూలి ఉన్ని వెలను మించినది. దక్కనులో పలుచోట్ల కూలి యిచ్చి కత్తిరింపించి, ఆ ఉన్నిని పాఱవేయు స్థితి ఏర్పడినది. "గొర్రెలే మారిపాయె" అని అవ్వ అన్నది దీనినే.

రెండవ దెబ్బ సముద్రము ఆవలిది. 1941లో ఇంగ్లండున విన్‌ఫీల్డు, డిక్సను అను రసాయన శాస్త్రజ్ఞులు పాలియెస్టరు దారమును కనిపెట్టిరి. 1979 ప్రాంతమున అమెరికాలో మసాచుసెట్సు రాష్ట్రపు లారెన్సు పట్టణమందలి మాల్డెన్ మిల్లువారు ఆ దారముతో అల్లిన గుడ్డను తీగ కుంచెలతో గీరి, నూగు లేపి, కృత్రిమమైన ఉన్నిని తయారుచేసిరి. దానికి పేటెంటు పట్టలేదని చెప్పుదురు. అందుచే ఆసియాలోని మిల్లులు ఎడాపెడా నేయసాగినవి, వెల పడిపోయినది. చివరకు 2001లో ఆ మాల్డెన్ మిల్లే దివాలా ప్రకటించినది. తాము పుట్టించిన గుడ్డను ఇతరులు తమకంటె చౌకగా అమ్ముట అందుకు ఒక కారణము. మన్రో చౌకదనమునకు కట్టిన పట్టము ఎవరి తల మీదను స్థిరముగా నిలువలేదు.

ఇంతకును ఫ్లీసు మంచి అస్తరేనా? కుట్టువారి దృష్టితో చూచిన, మంచిదే. అల్లిక గుడ్డ కనుక అంచులు పీచులూడవు. ఉతికిన ముడుచుకొనదు. పాత చీరలు అప్పటికే ఎన్నో ఉతుకులలో ముడుచుకొని యుండును గనుక రెండును సరిగా పొసగును. తేలిక, త్వరగా ఆరును. ఒక చిక్కు మాత్రము కలదు. అడ్డముగా లాగిన సాగును. దానిని బిగలాగి పఱచి కుట్టినచో, విడిచిన తరువాత వెనుకకు ముడుచుకొని చీర పొరలు ముడుతలు పడును. అందుకే కోడలు దానిని నేలపై వదులుగా పఱచి, నడుమనుండి అంచులవైపు టాకాలు వేసికొని, ఆ తరువాతనే అసలు కుట్టు మొదలుపెట్టినది. ఎవరు నేర్పిరని అడిగితిమి. మొదటి బొంత పాడైనదట.

కాని ఉన్నికి గల రెండు గుణములు దీనికి లేవు. ఉన్ని తన బరువులో మూడవ వంతు దాక చెమ్మను పీల్చుకొని కూడ తడిగా తోపదు. పాలియెస్టరు నూటికి ఒక వంతైన పీల్చదు. కనుక ఉక్క పట్టిన రాత్రి చెమట ఒంటి మీదనే నిలుచును. రెండవది నిప్పు. ఉన్ని మీద నిప్పురవ్వ పడిన కమురుకొని, చాలవఱకు తనంతట ఆరిపోవును. పాలియెస్టరు సుమారు 260 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద కరగి, చర్మమునకు అంటుకొనును. చలిమంట ప్రక్కన పరుండు అలవాటు గల ఇండ్లలో ఇది చిన్న సంగతి కాదు. మేము ఈ మాట చెప్పగా అవ్వ ఒక క్షణము ఊరకుండి, కోడలివైపు చూచినది. కోడలు లోపలికి పోయి ఒక నల్లని గుడ్డను తెచ్చి మా ముందు పఱచినది. ఎలుకలు కొట్టిన పాత కంబళి, సగము కూడ మిగులలేదు. అవ్వ పెండ్లినాటిదట.

పసిబిడ్డ పరుండు బొంతకు కాళ్ళవైపు, అనగా పొయ్యివైపు వచ్చు అంచునకు, ఫ్లీసు మీద ఆ ముక్కను అతికింపవలెనని నిశ్చయమైనది. ముతకగుడ్డ కనుక సన్నదారము ఆగదని, నవారు దారము వెదకుటకు కోడలు మరల లోపలికి పోయినది.